పంపు పార్టీ అమ్మాయి

ఆ దోమ నా చెవి దగ్గరికి రాకపోయి ఉంటే మా పెళ్ళి మాట దేవుడెరుగు, అసలు పరిచయమే అయ్యేది కాదు.

జూన్ మొదటి శనివారం. జిబుతె తోటల సంఘం సర్వసభ్య సమావేశం. లిథువేనియా రాజధాని విల్నియస్‌కి అరగంట దూరంలో, పంపు షెడ్డు పక్కన పైన్ చెట్ల కింద అరవై మూడు తోటల వాళ్ళూ కూర్చున్నారు. ఎవరి కుర్చీ వాళ్ళే తెచ్చుకోవాలి. నాకు కుర్చీ లేదు. అక్కడెవరిదో బకెట్ కనబడితే బోర్లించి దాని మీద కూర్చున్నాను.

నేను సభ్యుణ్ణి కూడా కాను. పేరు గస్పార్. మాది పోర్చుగల్. మూడేళ్ళుగా విల్నియస్‌లో ఒక కాల్‌సెంటర్‌లో ఉద్యోగం. లిస్బన్‌లో ఎవరి ఫ్రిజ్ చల్లబడకపోయినా ఫోన్ ఇక్కడ మోగుతుంది. నేను ఎత్తి, "ప్లగ్గు పెట్టారా అండీ?" అని అడుగుతాను. సగం మంది పెట్టరు. ఆ సగం మంది పుణ్యాన మిగతా సగానికి కూడా నేను చాలా తెలివైనవాడిలా వినిపిస్తాను.

నా పక్క సీట్లో కూర్చునే లినాస్ వేసవంతా స్పెయిన్‌లో గడపడానికి వెళ్తూ తన తోట ఇల్లు నాకిచ్చాడు. తాళంచెవులతో పాటు ఒక కాగితం కూడా చేతిలో పెట్టాడు.

"ఇదేంటి?"

"నా ఓటు హక్కు నీకిస్తున్నట్టు పత్రం. మీటింగుకి వెళ్ళు, కూర్చో, ఏమీ చెయ్యకు."

ఏమీ చెయ్యకుండా కూర్చోవడం నాకు వచ్చిన పనే. అదే చేస్తున్నాను. ఇంతలో దోమ. చెయ్యెత్తి విసిరాను.

"ముప్ఫై రెండు!" అన్నాడు సంఘం అధ్యక్షుడు జెనోనాస్, నా వైపు ఆప్యాయంగా చూస్తూ. "అటు ముప్ఫై ఒకటి. తీర్మానం నెగ్గింది."

సగం మంది చప్పట్లు కొట్టారు. మిగతా సగం మంది నన్ను చూశారు. ఆ సగంలోంచి రబ్బరు బూట్లు వేసుకున్న ఒక అమ్మాయి లేచి నేరుగా నా దగ్గరికి వచ్చింది. ముక్కు మీద చిన్న చిన్న మచ్చలు, జుట్టుముడిలో పెన్సిలు.

"బకెట్ మీంచి లే."

"అయ్యో, ఇది మీదా?"

"కాదు. నిలబడితే తిట్టడానికి వీలుగా ఉంటుంది."

లేచాను.

"ఏ తీర్మానానికి చెయ్యెత్తావో తెలుసా?"

"నేను దోమని కొట్టాను."

"అధ్యక్షుడి ఎన్నిక ఆగస్టుకి వాయిదా వెయ్యాలన్న తీర్మానం అది! ఇవాళే ఎన్నిక జరిగుంటే మా నాన్న గెలిచేవాడు. పంపు చెడిపోయి వారం. టమాటా మొక్కలు వాడిపోయి అందరూ మంచి కోపం మీదున్నారు. ఆగస్టుకల్లా వానలు పడతాయి, కోపం చల్లారిపోతుంది." ఒక్క క్షణం ఆగి అడిగింది. "దోమ చచ్చిందా?"

"లేదు."

"అది కూడా చేతకాలేదు," అని వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి పేరు వైవ. పంపు పార్టీ అభ్యర్థి రిమ్విదాస్ గారి కూతురు.

ఇక్కడ రెండు పార్టీలు. జెనోనాస్‌ది గేటు పార్టీ. రిమోట్ నొక్కితే తెరుచుకునే గేటు పెట్టించాలని వాళ్ళ ఆశయం. సంఘం చుట్టూ కంచె లేదు కదా, గేటు పక్కనించి ఆవు కూడా నడిచి రావచ్చు కదా అంటే, "గేటు ఉంటే ఆ లెక్కే వేరు" అంటారు. రిమ్విదాస్ గారిది పంపు పార్టీ. నీళ్ళు రావాలి, మిగతావి తర్వాత అంటారు. దేశంలో ఏ ప్రభుత్వం రావాలి, యూరప్ ఎటు పోతోంది లాంటి విషయాలు ఈ రెండు పార్టీల వాళ్ళూ కలిసి మాంసం కాల్చుకుంటూ ఐదు నిమిషాల్లో తేల్చేస్తారు. గేటు సంగతి మాత్రం నాలుగేళ్ళుగా తేలలేదు.

సంఘం సరిగ్గా ముప్ఫై ఒకటి, ముప్ఫై ఒకటిగా చీలి ఉంది. అరవై మూడో ఓటు నాది.

మర్నాడు మధ్యాహ్నం వైవ మా గుమ్మంలో నిలబడింది. చేతిలో మూతపెట్టిన గిన్నె.

"నిన్న కొంచెం ఎక్కువ మాట్లాడాను," అంది, క్షమాపణ అడిగే మొహం ఎలా ఉంటుందో ఎక్కడో చదివి వచ్చినట్టు. "ఇది బీట్‌రూట్ మజ్జిగ సూప్. మా నానమ్మ చేసింది. తిను."

గులాబీ రంగు సూప్. పైన సోయాకూర, సగం కోసిన గుడ్డు. పక్కన వేడివేడి బంగాళాదుంపలు. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని పంపు గురించి చెప్పింది. మోటారు ఎప్పటిది, పైపులు ఎక్కడెక్కడ తుప్పు పట్టాయి, తెల్లవారి ఆరింటికి నీళ్ళు వదలాలా ఏడింటికా. పంపు గురించి మాట్లాడుతున్నప్పుడు ఆ అమ్మాయి కళ్ళు ఎంత మెరుస్తాయంటే, నా జీవితంలో నేను ఏ విషయాన్నీ అంతగా నమ్మలేదని నాకు ఆ రోజే తెలిసింది.

"సరే, ఎవరికి వేస్తావు?"

నిజానికి నా నిర్ణయం ముందురోజు బకెట్ పక్కనే అయిపోయింది. కానీ ఆ మాట చెప్పేస్తే రేపు ఈమె ఎందుకొస్తుంది?

"ఆలోచించుకోవాలి," అన్నాను గంభీరంగా. "రెండు వైపులా వాదనలున్నాయి."

"గేటు వైపు ఏం వాదన ఉంది?"

"అదే ఆలోచిస్తున్నాను."

ఆ సాయంత్రం జెనోనాస్ కూడా వచ్చాడు. కాగితంలో చుట్టిన పొగబెట్టిన చేప తెచ్చాడు. "నువ్వు యూరప్ చూసినవాడివి, గేటు విలువ నీకు తెలుస్తుంది," అన్నాడు. లిథువేనియా కూడా యూరపేనని గుర్తుచెయ్యలేదు. చేప చాలా బాగుంది.

అలా జూన్ గడిచింది. ప్రజాస్వామ్యం మీద నాకు గౌరవం పెరిగింది. రెండు కిలోల బరువు కూడా పెరిగాను.

ఒక రోజు వైవ సూప్‌తో వచ్చేసరికి వాన పట్టుకుంది. లినాస్ ఇల్లు వానాకాలం కోసం కట్టింది కాదు. లోపల మూడు చోట్ల కారుతుంది. పొడిగా ఉండేది పొయ్యి పక్కన బెత్తెడు జాగా. ఇద్దరం అక్కడ భుజాలు తగిలేలా నిలబడి సూప్ తాగాం.

"ఇంకా తేల్చుకోలేదా?" అంది, గిన్నెలోకి చూస్తూ.

"పైపుల వ్యాసం గురించి చిన్న సందేహం ఉండిపోయింది."

"అది రెండుసార్లు చెప్పాను."

"మూడోసారి చెప్తే బాగా ఎక్కుతుంది."

చెప్పింది. వాన ఎక్కువైంది. నేను పైపులు వినడం మానేసి ఆమె చెవి మీద నిలిచిన నీటి బొట్టు ఎప్పుడు జారుతుందా అని చూస్తున్నాను. హఠాత్తుగా ఆగింది.

"ఎన్ని అంగుళాలన్నాను?"

"రెండు."

"నేనింకా అంకె చెప్పలేదు."

బొట్టు జారింది. ఆ అమ్మాయి నవ్వుకుంటూ కిటికీ వైపు తిరిగిపోయింది. నాకు తల తుడుచుకోవాల్సినంత చెమట పట్టింది. వాననీళ్ళేనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

జులై మధ్యలో, "శని ఆదివారాలు ఖాళీ పెట్టుకో. సరస్సు దగ్గర టెంట్ వేస్తున్నాం. ఎటూ తేలని ఓటర్ల అవగాహన శిబిరం," అంది.

"తేలని ఓటర్లు ఎంతమంది వస్తారు?"

"నువ్వొక్కడివే. నానమ్మ కూడా వస్తుంది, శాంతిభద్రతలకి."

లబనోరస్ అడవి. నానమ్మ మడత కుర్చీ వేసుకుని సరస్సు ఒడ్డున కూర్చుంది. నన్ను గస్పారాస్ అని పిలుస్తుంది. ఆవిడ నోట్లో పడితే ఏ మగవాడైనా లిథువేనియావాడు అయిపోవాల్సిందే. నేను సరస్సులో మోకాళ్ళ దాకా దిగి, ఇక నా వల్ల కాదని వెనక్కొస్తుంటే, "ఒరే గస్పారాస్! మా పెంపుడు పిల్లి కూడా నీకంటే లోపలికి వెళ్తుందిరా!" అని అరిచింది.

మర్నాడు తెల్లారగానే వైవ టెంట్ తట్టింది. "ఫోన్ ఇక్కడే పెట్టు. ఈ బకెట్ పట్టుకో. మాట్లాడకు."

అడవిలో నడిచాం. రోడ్డు మీద కారు చప్పుడు వినిపిస్తే పొద వెనక కూర్చున్నాం. ఒకసారి వచ్చిన దారినే వెనక్కి నడిచి మళ్ళీ తిరిగాం. పిడుగుపడి కాలిన పైన్ చెట్టు దాటాక ఆగింది. నాచు నిండా పసుపు. గుడ్డులోని సొన ఎవరో పారబోసినట్టు, ఎటు చూసినా పుట్టగొడుగులే.

"ఇది మా ఇంటి చోటు," అంది గొంతు తగ్గించి. "మా మేనత్త భర్తకి కూడా తెలీదు. వాళ్ళకి పెళ్ళై ఇరవై రెండేళ్ళు."

"మరి నన్నెందుకు..."

"పీకకు. కత్తితో మొదట్లో కొయ్యి."

"వైవా, ఇది ఓటు కోసమేనా?"

తలెత్తి నన్ను చూసింది. పంపు గురించి చెప్పేటప్పటి చూపు కాదది. అంతకంటే భయపెట్టింది.

"ఓటుకి సూప్ చాలు," అంది.

తర్వాత ఇద్దరం వంగి కోస్తూనే ఉన్నాం. బకెట్ నిండింది. నాకేదో చాలా ముఖ్యమైనది జరిగిందని తెలుస్తూనే ఉంది, ఏమిటో మాత్రం తెలియలేదు. మూడేళ్ళున్నా ఇక్కడ అదే ఇబ్బంది. వీళ్ళు చెప్పరు. చేసి ఊరుకుంటారు.

ఇక ఆ తర్వాతి ఆదివారం. జెనోనాస్ అరవయ్యో పుట్టినరోజు. భుజానికి అడ్డంగా "జూబిలీ" అని రాసిన పట్టీ కట్టుకుని, కొమ్మల్లా ముళ్ళు తేలిన ఎత్తైన కేకు పక్కన గేటులా నిలబడ్డాడు. తేలని ఓటరుగా నాకు బల్ల మొదట్లోనే కుర్చీ వేశారు. నేను కానుకగా, మా బకెట్‌లో నా వాటా పుట్టగొడుగులు వెన్నలో వేయించి పట్టుకెళ్ళాను. అందరూ రెండోసారి వడ్డించుకున్నారు.

"అద్భుతం," అన్నాడు జెనోనాస్ మూతి తుడుచుకుంటూ. "ఎక్కడ దొరికాయేం?"

ఈ ప్రశ్న ఇక్కడ అందరూ అడుగుతారు. కులాసానా అని అడిగినట్టే అది. "అడవిలో" అని జవాబు. అడిగినవాడు తలూపుతాడు, మర్యాద అయిపోతుంది. ఈ మాత్రం నాకు తెలియకపోలేదు. కానీ నా ఉద్యోగం అలాంటిది. ఎవరైనా ప్రశ్న అడిగితే ఒకటో మెట్టు, రెండో మెట్టు అని విడమర్చి చెప్పి, ఇంకేమైనా సహాయం కావాలా అని అడగడం మూడేళ్ళుగా నా నాలుకకి అలవాటు.

"నీలం రంగు బస్ షెల్టర్ దాటాక రెండో మట్టి రోడ్డు," అన్నాను. "కారు అక్కడ ఆపి ఎడమకి ఒక కిలోమీటరు. కాలిన పైన్ చెట్టు కనిపిస్తుంది. అక్కణ్ణించి ముప్ఫై అడుగులు."

పాట పాడుతున్నవాళ్ళు ఆపేశారు. జెనోనాస్ భార్య ఎక్కణ్ణించో పెన్ను పట్టుకొచ్చింది.

"బస్ షెల్టర్ ఏ రంగన్నావు బాబూ?"

"నీలం," అన్నాను. "ఇంకేమైనా సహాయం కావాలా?"

ఆ వచ్చిన శనివారం రిమ్విదాస్ గారు అక్కడికి వెళ్ళేసరికి మట్టి రోడ్డు మీద తొమ్మిది కార్లున్నాయట. ఒకాయన మడత బల్ల కూడా తెచ్చుకున్నాడట.

ఆ మధ్యాహ్నం వైవ మా గుమ్మంలో నిలబడింది. చేతిలో గిన్నె లేదు.

"నువ్వే చెప్పావా?"

"అడిగారు..."

"అడిగితే చెప్పేస్తావా?"

"ఎక్కడని అడిగారు, వైవా. నేను..."

"మా తాత ఆస్పత్రిలో ఆఖరి రోజున మా నాన్న చెవిలో చెప్పిన చోటది. నర్సు గదిలోంచి బయటికి వెళ్ళేదాకా ఆగి చెప్పాడు." ఆమె గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది. "నీ ఓటు నీ ఇష్టం. గేటుకి వేసుకో, దోమకి వేసుకో. నాకక్కర్లేదు."

వెళ్ళిపోయింది. రెండు వారాలు రాలేదు. నేను వాళ్ళ తోట ముందు నించి రోజుకి ఐదుసార్లు నడిచాను. కిటికీ తెర ఐదుసార్లు పడింది. జెనోనాస్ రెండు చేపలు పంపాడు. ముట్టలేదు. అంటే, ఒకటి ముట్టలేదు.

పదిహేనో రోజున ఐదు పూలు పట్టుకుని వెళ్ళాను. ఇక్కడ సరి సంఖ్యలో తీసుకెళ్తే శవం మీద పెట్టడానికి తెచ్చానంటారు, ఇప్పుడదొక్కటే తక్కువ. వైవ ఊళ్ళోకి వెళ్ళిందట. నానమ్మ మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"కూర్చో. ఒలువు," అంది.

ఒలిచాను.

"మా ఆయన నన్ను తీసుకెళ్ళింది కూడా అక్కడికే. నేను వెనక్కొచ్చి మా అమ్మతో, పెళ్ళి కుదిరిందని చెప్పాను."

చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "ఆయన అడిగారా?"

"అడిగేదేంట్రా? తీసుకెళ్ళాడు కదా! మా ఇంట్లో ఎవరైనా ఎవరినైనా అక్కడికి తీసుకెళ్ళారంటే ఇంక చెప్పడానికి ఏం మిగిలింది?"

"అయితే వైవ నన్ను..."

"ఇన్నాళ్ళకి ప్లగ్గు పెట్టావు," అంది నానమ్మ. నా ఉద్యోగం సంగతి ఆవిడకి చెప్పినందుకు మొదటిసారి చింతించాను.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి నానమ్మా?"

"నాకేం తెలుసు? మేం మాట్లాడే మనుషులం కాదు. నువ్వు మాట్లాడతావు. అడిగినవాడికల్లా చెప్తావు. ఒక్కసారి ఎవరూ అడగకుండా చెప్పి చూడు."

ఆగస్టు చివరి శనివారం. అవే పైన్ చెట్లు. వైవ తండ్రి పక్కన కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు. రిమ్విదాస్ గారు రిటైరైన లెక్కల మాస్టారు. పొడుగ్గా, స్కేలులా ఉంటారు. ఆయనా చూడలేదు.

వైవ చెప్పినట్టే వానలు పడ్డాయి, కోపాలు చల్లారాయి. కానీ గేటు మీద ఉత్సాహం కూడా తడిసిపోయింది. చేతులు లెక్కపెట్టారు. జెనోనాస్‌కి ముప్ఫై ఒకటి. రిమ్విదాస్ గారికి ముప్ఫై ఒకటి. అందరూ నా వైపు తిరిగారు.

"మన పోర్చుగల్ మిత్రుడు?" అన్నాడు జెనోనాస్.

లేచాను.

"నా ఓటు రిమ్విదాస్ గారికి," అన్నాను. పంపు పార్టీ సగం లేచింది. "ఆగండి. ఇంకా ఉంది. ఇది నేను జూన్ మొదటి శనివారమే నిర్ణయించుకున్నాను."

వైవ తల ఇటు తిరిగింది.

"ఆ మాట చెప్తే వైవ రావడం మానేస్తుందని చెప్పలేదు. తేల్చుకోలేదని అబద్ధం చెప్పి పద్దెనిమిది గిన్నెల సూప్ తాగాను. పంపు గురించి నాకు ఎలాంటి సందేహమూ లేదు. ఎప్పుడూ లేదు. ఆమె చెప్తుంటే వినాలని అడిగేవాణ్ణి. తనకి అన్నిటికంటే విలువైన చోటు నాకు చూపిస్తే, నేను దాన్ని కానుకలా బల్ల మీద పెట్టి పంచాను. ఆ చోటు నేను తిరిగివ్వలేను. కానీ వైవా, నువ్వు నన్ను అక్కడికి తీసుకెళ్ళినప్పుడు నువ్వు చెప్పిందేమిటో నాకిప్పుడు తెలిసింది. నా జవాబు కూడా అదే. జూన్ నించి అదే."

మినిట్స్ రాసే ఆవిడ పెన్ను ఎత్తి, "ఇదంతా రాయాలా?" అంది.

"అభ్యంతరం!" జెనోనాస్ లేచాడు. "ఇది లంచం! సూప్‌తో కొన్న ఓటు!"

"మీ చేపలు కూడా తిన్నాను," అన్నాను నిజాయితీగా. "ఏడు."

ఈలోపు రిమ్విదాస్ గారు నిలబడ్డారు.

"జెనోనాస్ చెప్పింది సబబే," అన్నారు. "మా ఇంటి తిండి తిన్న ఓటు నాకొద్దు. కొట్టెయ్యండి."

"నాన్నా! సమానమైతే పాత అధ్యక్షుడే ఉంటాడు!"

"నాకు లెక్కలొచ్చమ్మా," అన్నారాయన. కూర్చున్నారు.

అలా నా ప్రేమ ప్రకటనతో పంపు పార్టీ ఓడిపోయింది. ముప్ఫై ఒక్క మంది నన్ను చూస్తున్నారు. దోమలు కూడా దగ్గరికి రావడం లేదు. వైవ లేచి నా ముందుకొచ్చి నిలబడింది. తిట్టడానికి వీలుగా నేను ముందే నిలబడి ఉన్నాను.

"ఒక సవరణ," అంది మినిట్స్ ఆవిడతో, కళ్ళు నా మీదే పెట్టి. "ఈయన అబద్ధం చెప్పాడని రాశారు కదా. ఆ అబద్ధం నాకు మూడో గిన్నెకే తెలుసని కూడా రాయండి."

వేళ్ళ మీద లెక్కవేసుకున్నాను.

"మరి... మిగతా పదిహేను గిన్నెలూ?"

"పైపుల గురించి నీకింకా సందేహాలున్నాయేమోనని," అంది. కోపంగా ఉండాలని చాలా ప్రయత్నించింది. పెదవులు వినలేదు.

మినిట్స్‌లో ఐదో అంశం ఇప్పటికీ ఉంది: "పౌరుడు గస్పార్ వైవను ప్రేమిస్తున్నట్టు ప్రకటించెను. వైవకు అభ్యంతరము లేదు. సభ గమనించినది."

అందరూ కుర్చీలు మడుచుకుంటుంటే రిమ్విదాస్ గారు నా దగ్గర ఆగారు.

"ఆలస్యంగా చెప్పావు. చెప్పకూడని చోట కూడా చెప్పావు. అయినా నిజమే చెప్పావు," అన్నారు. "రేపు ఉదయం ఐదింటికి కారు దగ్గర ఉండు. మనకి కొత్త చోటు వెతకాలి."

'మనకి' అన్నారాయన. నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

తెల్లవారుజామున ఏ అడవికి వెళ్ళామో అడక్కండి, నాకే చెప్పలేదు. వెనక సీట్లో నానమ్మ నా కళ్ళకి తన కండువా కట్టింది. దిగాక రిమ్విదాస్ గారు ఎడమకి, నానమ్మ కుడికి, నేనూ వైవా మధ్యలోకి. సన్నగా జల్లు మొదలైంది. పది నిమిషాలు వెతికాం. పదకొండో నిమిషంలో వైవ నాచు మీద జారింది. పట్టుకున్నాను. నిలదొక్కుకున్నాక కూడా నేను వదల్లేదు, ఆమె వదలమనలేదు. తర్వాత ఎంతసేపు గడిచిందో తెలియదు.

"దొరికాయా?" చెట్ల అవతలి నించి రిమ్విదాస్ గారి కేక.

వైవ నా భుజం మీంచి తలెత్తి, ఊపిరి కూడదీసుకుంది. "ఇంకా వెతుకుతున్నాం నాన్నా!"

"అటువైపు నేల మంచిదేనా?"

"చాలా మంచిది!" అని అరిచాను నేను.

తర్వాత కుడివైపు నించి నానమ్మ గొంతు, తాపీగా:

"తొందరేం లేదు! బాగా వెతకండి! ఒరే రిమ్విదాస్, నువ్వు ఇటు రా!"